ఎడమ చేత్తో తిన్న హీరో

నా మొదటి ఉద్యోగం ఏమిటో ఇప్పటి పిల్లలకు చెప్పడం కొంచెం కష్టం. గుమాస్తా అంటే తెలుస్తుంది, బడిపంతులు అంటే తెలుస్తుంది. నేను హిందీ సినిమాలను తెలుగులో చెప్పేవాణ్ణి. సినిమాలో కాదు, సినిమా పక్కన. డేరాలో తెర కట్టిన గుంజ దగ్గర ఒక ఎత్తు పీట వేసుకొని, రేకు గొట్టం నోటికి పెట్టుకొని, తెర మీద మనుషులు ఏం మాట్లాడుకుంటున్నారో, ఎందుకు ఏడుస్తున్నారో జనానికి అరిచి చెప్పాలి. ఇప్పుడు ఆ పనికి తెర కింద అక్షరాలు వేస్తున్నారు. అక్షరాలకు గొంతు బొంగురుపోదు. "ఏందీ, మల్లొక్కపారి చెప్పు" అని వాటిని ఎవరూ నిలదీయరు.

ఆ తర్వాత నేను తాలూకా కచేరీలో చేరి, అక్కడే ముసలివాణ్ణయి, పింఛను పుచ్చుకొని బయటపడ్డాను. కచేరీ గురించి చెప్పుకోదగ్గది ఏమీ లేదు. ఫైళ్ళు వచ్చేవి, పోయేవి. ఉద్యోగ అనుభవాలు చెప్పమని ఎవరైనా అడిగితే డేరాలో గడిపిన ఆ కొద్ది నెలలే ముందు గుర్తొస్తాయి. అందులోనూ మిర్యాలగూడలో వారపు సంత జరిగిన ఒక అంగడి రోజు.

పోలీసు చర్య జరిగిన మరుసటి ఏడు. మాది పెన్‌పహాడ్ దగ్గర ఒక పల్లె. సూర్యాపేటలో ఉర్దూ చదువుకున్నాను. నిజాం సర్కారులో ఆ చదువుకు ఏదో ఒక కుర్చీ దొరికేది. ఆ సర్కారే పోయేసరికి ఉర్దూ చదివిన మా బోటివాళ్ళం రెంటికీ చెడ్డ రేవడులమైపోయాం. అప్పుడే కోదాడకు చెందిన ఒకాయన టూరింగ్ టాకీసు డేరాతో సూర్యాపేటకు వచ్చాడు. హైదరాబాదు నుంచి డబ్బాల్లో వచ్చేవి హిందీ బొమ్మలు. చూడవచ్చే జనానికి హిందీ రాదు. రెండూ తెలిసినవాడు, గొంతు ఉన్నవాడు కావలసివచ్చాడు. 

"చూడబ్బాయ్, కథ చెప్పు, పురాణం చెప్పకు. జనం నవ్వాలి, ఏడవాలి, రేపు మళ్ళీ రావాలి. అంతే నీ పని" అన్నాడు యజమాని. అందరూ ఆయన్ను సేఠ్ అనేవాళ్ళు. నన్ను గొట్టమాయన అనేవాళ్ళు. దీనికి మా నాయన చాలా బాధపడ్డాడు. కొడుకును చదివించింది గొట్టం ఊదడానికా అని ఆయన గోడు.

మా డేరాలో పనిమంతులు ఇద్దరే. ఒకరు ఆపరేటర్ సాబ్, హైదరాబాదు నుంచి వచ్చిన పెద్దాయన. సగం ఉర్దూ, సగం తెలుగు మాట్లాడేవాడు. సినిమా రీళ్ళను పసిపిల్లల్లా చూసుకొనేవాడు. రెండో ఆయన ఇంజన్ డ్రైవరు. అప్పుడు ఊళ్ళలో కరెంటు ఎక్కడిది? బండి మీద బిగించిన నూనె ఇంజన్ తిరిగితేనే మాకు వెలుగు, వెలుగుంటేనే బొమ్మ. ఆ ఇంజన్ మొండి గుర్రం. ఈయన మాట తప్ప ఇంకెవరి మాటా వినేది కాదు. ఈయనది మాడుగులపల్లి పక్క పల్లె. మాలవాడ. ఆ వాడలో సగం మంది కిరస్తానీలు. ఈయనా కిరస్తానీయే, బాప్తిస్మం తీసుకున్నవాడు. అయితే ఊరి లెక్కలో ఏ మార్పూ లేదు. ఏ దేవుడికి మొక్కినా నిలబడే చోటు మాత్రం అదే.

ఆయనతో పాటు ఆయన తల్లి కూడా డేరా వెంట తిరిగేది. భర్త పోయాడు, కొడుక్కు ఇంకా పెండ్లి కాలేదు, ఎవరు వండి పెడతారని వచ్చింది. ఇంజన్ బండి పక్కన మూడు రాళ్ళ పొయ్యి పెట్టుకొని జొన్న రొట్టెలు చేసేది. సన్నగా, ఎత్తుగా ఉండేది. అందరం ఆమెను అవ్వ అనేవాళ్ళం. సినిమా అంటే ఆమెకు ప్రాణం. ఒక్క ఆట కూడా విడిచిపెట్టేది కాదు. కానీ తెర వెనక నుంచి చూసేది.

ఇది వివరంగా చెప్పాలి, లేకపోతే మీకు అర్థం కాదు. మా తెర అంటే పలచటి తెల్ల గుడ్డ. బొమ్మ ముందునుంచి ఎంత కనపడుతుందో వెనకనుంచీ దాదాపు అంత కనపడుతుంది. ముందు వైపు అందరికంటే వెనక కుర్చీలు, పెద్దమనుషులకు. కుర్చీల పక్కన పరదా కట్టిన చోటు, పెద్దింటి ఆడవాళ్ళకు. వాళ్ళ ముందు బెంచీలు. ఆ ముందు నేల, మధ్యలో తాడు కట్టి ఒక పక్క మగవాళ్ళు, ఒక పక్క ఆడవాళ్ళు. ఇదంతా ఊరి జనం. మాలమాదిగ వాడల వాళ్ళు తెరకు అవతలి వైపు, వెనకాల నేల మీద కూర్చునేవాళ్ళు. ఇది ఎవరు పెట్టిన కట్టుబాటో తెలియదు. అలా కూర్చోమని రాసిన బోర్డు లేదు. ఏ ఊరికి పోయి డేరా వేసినా, ఎవరూ చెప్పకుండానే ఎవరి చోటికి వాళ్ళు వెళ్ళి కూర్చునేవాళ్ళు. నా పీట తెర అంచున ఉండేది కాబట్టి నాకు రెండు వైపులా కనపడేవి.

ఇక మేం ఆ సీజనంతా ఆడించిన బొమ్మ. అది కొంచెం పాతదే, కానీ మావైపు జనానికి కొత్త. కథ చిన్నది. ఒక జమీందారు కొడుకు, ఒక అంటరాని పిల్ల. పిల్ల బావి దగ్గర దూరంగా నిలబడితే పైనుంచి నీళ్ళు పోస్తారు. పిల్లవాడు పోస్తాడు. అట్లా మొదలవుతుంది. పెద్దయ్యాక ఒకరోజు అతను ఆమె గుడిసెకు వచ్చి, ఆమె చేసిన రొట్టె తింటాడు. ఊరు భగ్గుమంటుంది. చివర్లో అతనికి వేరే పిల్లతో పెండ్లి నిశ్చయమవుతుంది, వరద వస్తుంది, పెండ్లి పడవ మునగబోతుంటే ఈ పిల్ల ఈదుకుంటూ వెళ్ళి అందరినీ కాపాడి తను చచ్చిపోతుంది. అప్పుడు అందరూ వచ్చి ఆమె శవానికి చేతులు జోడిస్తారు. బతికి ఉండగా నీళ్ళు పైనుంచి పోసినవాళ్ళే.

సూర్యాపేటలో మొదటి ఆటకు ముందు సేఠ్ నన్ను పక్కకు పిలిచాడు. "పిల్లది ఏ కులమో మనకెందుకయ్యా? బీదింటి పిల్ల అను. బీదరికం మీద ఎవరికీ కోపం రాదు."

నేను అలాగే అన్నాను. బావి దృశ్యం రాగానే గొట్టంలో, "ఈ పిల్ల బీదింటి పిల్ల" అని అరిచాను. తెర వెనక నుంచి ఎవరో ఒకాయన నింపాదిగా, "బీదింటి పిల్లయితే బాయి కాడ దూరం నిలవడుడెందుకు? మనోళ్ళ పిల్లే" అన్నాడు. వెనకంతా ఒకటే నవ్వు. ముందు వైపు వాళ్ళు వినీ విననట్టు ఊరుకున్నారు. మరునాటి నుంచి నేను ఆ చోట ఏమీ చెప్పకుండా ఒక గుక్క నీళ్ళు తాగేవాణ్ణి.

సూర్యాపేటలో బొమ్మ బ్రహ్మాండంగా ఆడింది. పిల్ల చచ్చిపోయే చోట కుర్చీల్లోంచి కూడా ముక్కులు చీదిన చప్పుడు వినపడేది. ఒక వకీలు గారు నా చెయ్యి పట్టుకొని, "ఎంత అన్యాయమయ్యా!" అని కళ్ళు తుడుచుకున్నారు. తుడుచుకొని, దాహంగా ఉందని సోడా తెమ్మన్నారు. సోడాబండి వాడు ఇచ్చిన గ్లాసు ఎవరెవరు తాగిందో అని అడిగి, అనుమానం వచ్చి, సీసా ఎత్తి నోట్లో పోసుకున్నారు. ఆయన మంచివాడే. నేను తప్పు పట్టడం లేదు, చూసింది చెబుతున్నాను.

తర్వాత మకాం కోదాడ. అక్కడ ఒక పొరపాటు జరిగింది. ఆ రోజు ఆపరేటర్ సాబ్‌కు జ్వరం. ఒకే మిషన్ కాబట్టి ఒక రీలు అయిపోగానే ఆట ఆపి ఇంకో రీలు ఎక్కించాలి. జ్వరంలో కళ్ళు మండుతుంటే ఆయన ఒక రీలును బోర్లా ఎక్కించాడు. అట్లా ఎక్కిస్తే రెండు అవుతాయి. మాటలూ పాటలూ రీలు ఒక అంచున ఉంటాయి కాబట్టి అవి పోతాయి. రెండోది, బొమ్మ కుడిఎడమలు మారిపోతుంది. 

"మాటేదయ్యా, మాట?" అని బెంచీలు గోల. సేఠ్ పరుగెత్తుకొచ్చి, ఆపితే ఇంకా గోల అవుతుందని, "నువ్వే చెప్పేయ్, నువ్వే చెప్పేయ్" అని నాకు సైగ చేశాడు. ఆ రీలంతా హీరోగా, హీరోయిన్‌గా, జమీందారుగా నేనే మాట్లాడాను. పాట వచ్చినప్పుడు మాత్రం, "ఇక్కడ ఒక పాట ఉంది, చాలా బాగుంటుంది" అని ఊరుకున్నాను. ఆ రీల్లోనే హీరో గుడిసెలో రొట్టె తినే దృశ్యం ఉంది. ముందు వైపు కూర్చున్న ఒక పెద్దాయన, "రామ రామ, ఎడం చేత్తో తింటాడేంటి వెధవ! అందుకే ఆ కొంపకు పోయాడు" అన్నాడు. తెర వెనక మాత్రం ఏవో గుసగుసలు. 

మరునాడు పొద్దున నేను బీడీకి నిప్పు కోసం అవ్వ పొయ్యి దగ్గరకు వెళ్ళాను. కొడుకు ఇంజన్ తుడుచుకుంటున్నాడు.

"సారూ, ఒకటడుగుత, కోపం జెయ్యవు గద?" అంది అవ్వ.

"అడుగవ్వా."

"నిన్న గా పొలగాడు కుడి చేత్తోటి తిన్నడేంది? రోజు ఎడమ చేత్తోనే తింటుండె గద. చెయ్యికేమన్న అయిందా?"

నాకు నవ్వాగలేదు. ఇంజన్ తుడుస్తున్న కొడుకు మాత్రం నవ్వలేదు, తల కూడా ఎత్తలేదు. నా భుజం మీది రుమాలు తీసి ఎండకు ఎదురుగా పట్టుకున్నాను. దాని మీద నెమలి బొమ్మ ఉంది. ఇటునుంచి చూస్తే దాని ముక్కు ఒక వైపుకు, అటునుంచి చూస్తే ఇంకో వైపుకు. అవ్వ రుమాలు చుట్టూ తిరిగి రెండు వైపులా చూసింది. మళ్ళీ చూసింది.

"అంటే ఇన్నొద్దుల సంది మేం సూసిందంత తారుమారా?"

"తారుమారే అవ్వా. ముంగట కూసున్నోళ్ళకే సీదాగ కనపడ్తది. నిన్న ఆపరేటర్ సాబ్ ఉల్టా ఎక్కిచ్చిండు కాబట్టి మీకు సీదాగ వచ్చింది."

"అంతనా? అంత తారుమారేనా?"

"అంతా అవ్వా" అన్నాను బీడీ ముట్టించుకుంటూ.

ఆమె పెనం మీద రొట్టె తిప్పడం మరిచిపోయింది. "హిందీ దేశంల అందరు ఎడమ చేత్తోనే తింటరు, తాళి గూడ ఎడమ చేత్తోనే కడ్తరు అని మా వాడల అందరికి చెప్పిన. ఇగ నన్ను సూసి నవ్వుతరు" అంది. 

నేను కొడుకు వైపు తిరిగి, "నీకు తెలుసు గద, ఇన్ని రోజులు చెప్పకపోతివి?" అన్నాను.

"చెప్పి ఏం జెయ్యాలె సారూ? తెలిస్తే ముంగట కూసోవెడ్తరా?" అని మళ్ళీ ఇంజన్ తుడవడంలో పడ్డాడు.

అక్కడి నుంచి హుజూర్‌నగర్ మీదుగా మిర్యాలగూడ చేరాం. బండ్ల మీద డేరా, కుర్చీలు, ఇంజను. దారి పొడుగునా అవ్వ రొట్టెలు మాడుస్తోందని కొడుకు చెప్పాడు. 

మిర్యాలగూడలో డేరా వేసిన రెండు మూడు రోజులకు ఇంజన్ డ్రైవరు సేఠ్ దగ్గరకు వచ్చాడు. నేను అక్కడే ఉన్నాను.

"సేఠ్, మా అవ్వ ఒక్క దినం ముంగట కూసుంటదట."

"ముందరంటే?"

"నేల మీదనే. బెంచీ గాదు, కుర్చీ గాదు. ఒక్క ఆట."

సేఠ్ చాలాసేపు మీసం దువ్వుకున్నాడు. చెడ్డవాడు కాదు, వ్యాపారస్తుడు. "నాకేం పట్టింపు లేదురా. నీ ఇంజన్ వెలుగులోనే కదా నేను అన్నం తినేది. కానీ మీ ఊరి దొర మనిషి ఇక్కడ మకాం పెట్టి రోజూ మొదటి కుర్చీలో కూర్చుంటున్నాడు. ఆయన లేస్తే అందరూ లేస్తారు. రేపు తహసీల్దారు డేరా పీకేయమంటే నేను ఎవరితో చెప్పుకోను? నువ్వే చెప్పు."

సేఠ్ అన్నది నిజమే. దొరలకు ఎదురు తిరిగిన సంఘం జోరుగా ఉన్న రోజుల్లో ఊళ్ళు వదిలిపోయిన దొరలు పోలీసు చర్య తర్వాత మళ్ళీ తిరిగి వస్తున్నారు. వచ్చినవాళ్ళు ఎవరు ఎంత తల ఎత్తారో చూసుకుంటున్నారు. అవ్వ గుడిసె ఉన్నది దొర జాగాలో. దొర మనిషికి కోపం వస్తే గుడిసె ఉండదు, సేఠ్‌కు నష్టం వస్తే నౌకరీ ఉండదు. కొడుకు ఇదంతా తల్లికి చెప్పాడు. ఇంజన్ అవతల నిలబడి చెబుతుంటే నాకు వినపడింది.

"ఇద్దరం రోడ్డు మీద పడ్తమే అవ్వా. బొమ్మ కోసం గింత అవసరమా? ఆపరేటర్ సాబ్‌ను బతిమిలాడి ఇంకొక్క రీలు ఉల్టా ఎక్కిపిస్త. ఎన్కనే కూసొని సీదాగ సూడు."

"ఒక్క రీలు గాదు బిడ్డా. కడదాంక సూడాలె."

"కడకేమైతదో నీకు తెల్వదా? వందసార్లు సూసినవ్."

"ఒక్క ఆట బిడ్డా" అని మాత్రం అంది. 

అంగడి రోజు వచ్చింది. చుట్టుపక్కల పల్లెల బండ్లన్నీ మిర్యాలగూడలోనే. త్రిపురారం వైపు నుంచి వచ్చినవాళ్ళు అంగడి అయ్యాక బొమ్మ చూసిపోదామని ఆగిపోయారు. పొద్దుగూకక ముందే నేల నిండింది. నేను పీట ఎక్కి గొట్టం తుడుచుకుంటూ చూస్తే అవ్వ వస్తోంది. ఆదివారం ప్రార్థనకు కట్టుకొనే తెల్లచీర కట్టుకుంది. తల దువ్వుకుంది. ఎప్పటిలా తెర వెనక్కి కాకుండా, ఆడవాళ్ళ వైపు తాడు కిందినుంచి వంగి వచ్చి, ముందు వరుసలో చోటు చూసుకొని కూర్చుంది. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు ఎవరో కొత్త మనిషి అనుకున్నారు. ఒకామె గుర్తుపట్టి పక్కామె చెవిలో చెప్పింది. అంతే, ఉన్నపళాన అందరూ జరిగారు. అవ్వ చుట్టూ నేల ఖాళీ అయిపోయింది. 

మొదటి కుర్చీలో దొర మనిషి లేచాడు. "ఏమే, నువ్వు ఇంజనోని తల్లివి గాదూ? మీ జాగ అటు."

అవ్వ లేచి నిలబడి, దండం పెట్టి, "ఇయ్యాల ఈడ్నే సూస్త దొరా" అంది. మళ్ళీ కూర్చుంది.

ఆ దండం వల్ల ఆయనకు ఏమనాలో తోచలేదు. ఎదురు తిరిగితే తిట్టవచ్చు. దండం పెట్టి కూర్చున్న మనిషిని ఏం చేయాలి? ముట్టుకొని లేపితే స్నానం చేయాలి. అందుకని ఆయన సేఠ్ మీద పడ్డాడు. "డేరా నడుపుతున్నవా, సంఘం నడుపుతున్నవా?"

సేఠ్‌కు ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఇంజన్ డ్రైవర్ను పిలిపించాడు. ఆయన చేతులకు నూనెతోనే వచ్చాడు. తల్లిని చూశాడు. ముందే తెలుసో, అప్పుడే తెలిసిందో నాకు తెలియదు.

"మీ అమ్మను వెనక్కి పొమ్మని చెప్పు."

"నేను చెప్ప సేఠ్."

"చెప్పవా?"

"మీరు చెప్పుకోండ్రి. ఆమె ఏడ్సుకుంట లేసిపోతే నేను ఇంజన్ బందు పెట్టి ఆమె ఎంబడి పోత."

ఇది అరిచి చెప్పలేదు. అయినా ముందు వరుసల వాళ్ళకు వినపడింది. ఇంజన్ బందు అన్న మాట ఒకరి నుంచి ఒకరికి నేలంతా పాకింది. ఇప్పుడు మీరు జనం న్యాయం వైపు నిలబడ్డారని రాస్తాననుకుంటున్నారేమో. అలాంటిదేమీ జరగలేదు. త్రిపురారం వైపు నుంచి వచ్చిన ఒకాయన లేచి, "ఆమె యాడ కూసుంటే మాకేందయ్యా? బండ్లు కట్టుకొని ఇంత దూరమొచ్చినం. బొమ్మ వెయ్యిన్రి!" అని కేకేశాడు. అంతే, నేలంతా అందుకుంది. "బొమ్మ! బొమ్మ!" అని ఒకటే ఈలలు. వాళ్ళకు అవ్వ పట్టలేదు, దొర మనిషీ పట్టలేదు. బొమ్మ కావాలి. 

సేఠ్ నా వైపు చూసి, ఏదో ఒకటి చెప్పు అన్నట్టు చెయ్యి ఊపాడు. ఆమెను వెనక్కి పొమ్మని చెప్పమన్నాడో, జనాన్ని ఊరుకోమని చెప్పమన్నాడో నేను అడగలేదు. గొట్టం ఎత్తి, "అందరు కూసోండ్రి, కథ షురూ అయితుంది" అన్నాను. అది ధైర్యం కాదు. రోజూ చెప్పే మాట, అదే నోట్లోకి వచ్చింది. ఆపరేటర్ సాబ్ కూడా ఆ మాట కోసమే కాచుకొని ఉన్నట్టు వెంటనే దీపం తీసేసి బొమ్మ వేశాడు. 

దొర మనిషి విసురుగా బయటికి వెళ్ళిపోయాడు. ఆయన వెంట కుర్చీలు చాలావరకు ఖాళీ అయ్యాయి. అక్కడ ఇంకో చిక్కు వచ్చింది. వాళ్ళ ఇళ్ళ ఆడవాళ్ళు పరదా లోపల ఉన్నారు. పిలవడానికి మనిషిని పంపారు. లోపలి నుంచి దొర మనిషి భార్య గొంతు నాకు స్పష్టంగా వినపడింది. "కథ నడుమల లేసి ఎట్లొస్త? అయినంక వస్తనని చెప్పు." మిగతా ఆడవాళ్ళూ అదే మాట పట్టుకున్నారు. ఆడవాళ్ళను వదిలి పెద్దమనుషులు ఇంటికి పోలేరు. లోపలికి తిరిగి వస్తే పరువు పోతుంది. బయట ఎంతసేపని నిలబడతారు? అటూ ఇటూ పచార్లు చేసి చివరికి తెర వెనక్కి వచ్చారు. అక్కడ కూర్చున్న వాడల వాళ్ళు గబగబా లేచి చోటిచ్చారు. చేతులు కట్టుకొని నిలబడి, ఆ రోజు దొర మనిషి హీరో ఎడమ చేత్తో తినడం చూశాడు. నా పీట మీదనుంచి చూస్తుంటే నాకు కథ చెప్పడం కష్టమైంది. రెండు మూడు చోట్ల నవ్వు దగ్గుగా మార్చాల్సి వచ్చింది.

ముందు వైపు అవ్వ చుట్టూ ఖాళీ ఎక్కువసేపు నిలవలేదు. వెనక వరుసలో తల అడ్డమొచ్చిన ఒక ఆడమనిషి, "జర జరుగవ్వా" అంటూ వచ్చి అవ్వ పక్కనే కూలబడింది. ఆమెను చూసి ఇంకొకరు. రెండో రీలు అయ్యేసరికి ఎప్పటిలాగే కిక్కిరిసింది. బావి దగ్గర దృశ్యానికి ఆ రోజు నేను నీళ్ళు తాగలేదు. పిల్లది ఏ కులమో ఉన్నదున్నట్టు చెప్పాను. ఎవరూ గోల చేయలేదు. గోల చేసేవాళ్ళంతా వెనక ఉన్నారు.

గుడిసెలో రొట్టె తినే చోట అవ్వ నా వైపు చూసి తన కుడి చెయ్యి పైకెత్తి ఆడించింది. నోరంతా తెరిచి నవ్వింది. ఆమె అంతగా నవ్వడం నేను అంతకు ముందు చూడలేదు, నాకూ చాలా సంతోషమైంది. కానీ చివరి రీలు మొదలయ్యాక ఆమె నవ్వు పోయింది. మోకాళ్ళ మీద లేచి కూర్చుంది. చేతులు రెండూ గట్టిగా పట్టుకుంది. పిల్ల నీళ్ళలో దూకింది. అందరినీ ఒడ్డుకు చేర్చింది. తను చచ్చిపోయింది. పరదాలో, నేల మీద, అందరూ వెక్కి వెక్కి ఏడ్చారు. అవ్వ ఏడవలేదు. దీపం పెట్టినా, జనమంతా లేచిపోయినా అలాగే తెల్ల గుడ్డ వైపు చూస్తూ కూర్చుంది. కొడుకు వచ్చి రెక్క పట్టి తీసుకుపోయాడు.

తెల్లవారి అమీన్ కచేరీ నుంచి, అంటే పోలీసు ఠాణా నుంచి, జవాను వచ్చాడు. డేరా ఆ పూటే ఎత్తేయాలి. జనం గుమిగూడటం ఈ రోజుల్లో మంచిది కాదని కారణం చెప్పారు. నిన్నటిదాకా అదే గుంపుకు అదే కచేరీ అనుమతి ఇచ్చింది. మధ్యాహ్నానికి ఇంకో కబురు వచ్చింది. వాళ్ళ ఊళ్ళో అవ్వ గుడిసె తడికెలు పీకేశారట. సేఠ్ ఇంజన్ డ్రైవర్ను ఒక్క మాట అనలేదు. కొత్త మనిషి కోసం హైదరాబాదుకు తంతి మాత్రం ఇచ్చాడు. అది ఆయనకూ తెలుసు. అదృష్టం ఏమిటంటే మిర్యాలగూడలో ఒక మిల్లులో ఇంజన్ మొరాయిస్తోంది. ఈయన పేరు విని వాళ్ళు పిలిచారు. చర్చి మిషను వాళ్ళ కాంపౌండులో తలదాచుకోవడానికి ఒక గది దొరికింది. తల్లీకొడుకులు మా డేరా వదిలి అక్కడికి పోవడానికి సిద్ధమయ్యారు.

మేం బండ్లకు కుర్చీలు కడుతుంటే అవ్వ మూట పక్కన పెట్టుకొని కూర్చుంది. గుడిసె పోయింది, కొడుకు పని పోయింది, ఊరు పోయింది. ఈ మనిషిని ఎలా పలకరించాలో తోచక, చిన్న మాటతో మొదలుపెట్టాను.

"ముంగటికెల్లి ఎట్లున్నదవ్వా?"

"మంచిగున్నది సారూ. మొకాలు మంచిగ కనపడ్డయి." మూట ముడి బిగించింది. "గని గా పిల్ల ఈడ గూడ సచ్చిపాయె."

నాకు అర్థం కాలేదు. "రోజూ సచ్చిపోతది గదనే" అన్నాను.

"రోజు సచ్చేది ఎన్కకెల్లి గద. ఎన్కకెల్లి సూసేదంత తారుమారని నువ్వే చెప్పితివి. మాకు సస్తున్నదంటే ముంగటోళ్ళకు బతుకుతుండొచ్చు, పెండ్లి గూడ అయితుండొచ్చు అనుకున్న. గది సూద్దామనే పోయి కూసున్న." 

నేను తాడు వదిలేశాను. నా వెనక ఆమె కొడుకు కూడా మూట ఎత్తబోయి ఆగిపోయాడు. ఆమె మా ఇద్దరినీ చూడడం లేదు. మడతపెట్టి బండి మీద వేసిన తెర గుడ్డను చూస్తోంది.

"అటుకెల్లి సూసినా సచ్చె, ఇటుకెల్లి సూసినా సచ్చె" అంది. "మరి ముంగట కూసున్నోళ్ళు రోజు ఏం సూసి ఇంటికి పోతుండ్రు సారూ?"